ముడి, కుట్టు, సంఖ్య: ఓరుగల్లు నేపథ్యంలో స్త్రీల వక్షోవస్త్రం – అమరిక చరిత్ర

వ్యాససంగ్రహం

స్త్రీల వక్షోవస్త్ర చరిత్రను ఇంతవరకు ప్రధానంగా సిగ్గు, నాగరికత, కులగౌరవం అనే కోణాల నుంచే చర్చించడం జరిగింది. వస్త్రం దేహానికి సరిపోయిందా లేదా అన్న విషయాన్ని ఏ కాలంలో ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్నకు తగినంత స్థానం లభించలేదు. ఓరుగల్లు ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని, కాకతీయ శిల్పం మొదలుకొని ముడి రవిక, లంబాడీల కాంచళి, దర్జీ కుట్టిన జాకెట్టు, అంగడిలో సంఖ్యతో దొరికే బాడీ వరకు ఈ నిర్ణయాధికారం చేతులు మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముడి వేసుకునే వస్త్రంలో నిర్ణయం ధరించిన స్త్రీదే. కుట్టు వస్త్రంలో అది దర్జీ చేతికి, తయారీ వస్త్రంలో సంఖ్యకు మారింది. స్తనాకృతిలోని సహజ వైవిధ్యాన్ని గుర్తించే జ్ఞానం ఈ మార్పుల్లో ఎక్కడ నిలిచింది, ఎక్కడ మరుగునపడింది అన్నది ఇందులోని ప్రధానాంశం.

కీలకపదాలు: రవిక, కంచుకం, కాంచళి, ఆది జాకెట్టు, మేర, కొలత, స్తనాకృతి, ఓరుగల్లు

1. ఉపోద్ఘాతం

చీర కొలత అవసరం లేని వస్త్రం. ఒకే చీరను తల్లీ కూతుళ్లు కట్టుకోవచ్చు. కట్టులో, కుచ్చిళ్లలో దేహభేదం సర్దుకుంటుంది. రవిక అటువంటిది కాదు. అది ఒక దేహానికి కుట్టినది మరొక దేహానికి పట్టదు. అదే దేహానికైనా ప్రసవానంతరం పట్టకపోవచ్చు. తెలుగు స్త్రీ ధరించే దుస్తుల్లో కొలతతో గట్టి సంబంధం ఉన్నది వక్షోవస్త్రానికే.

ఆంధ్రుల సాంఘిక చరిత్రను తెలుగులో విపులంగా రచించిన సురవరం ప్రతాపరెడ్డి (ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది) వస్త్రవిశేషాలను సాహిత్యం నుంచి ఏరి చూపే మార్గాన్ని వేశారు. ఆ మార్గంలో సాగిన తరువాతి పరిశోధన వస్త్రాల పేర్లను, రకాలను, అద్దకాలను సేకరించింది. అయితే పేరు తెలిసినంత మాత్రాన ఆ వస్త్రం దేహంపై ఎలా నిలిచిందో తెలియదు. కోత ఎటువంటిది, కట్టు ఎక్కడ పడుతుంది, బరువును ఏ భాగం మోస్తుంది అన్న ప్రశ్నలు సాహిత్య పరిశీలనతో పాటు వస్త్రనిర్మాణ పరిశీలననూ కోరుతాయి. ఈ వ్యాసం ఆ రెండింటినీ జోడించే ప్రయత్నం చేస్తుంది.

2. పదాల సాక్ష్యం

సంస్కృత నిఘంటుకారుల కాలానికే వక్షోవస్త్రానికి ఒకటికి మించిన పేర్లున్నాయి. అమరకోశం చోలం, కూర్పాసకం అనే పదాలను పర్యాయాలుగా ఇస్తుంది. కాళిదాసు ఋతుసంహారంలో కూర్పాసకం, విక్రమోర్వశీయంలో స్తనాంశుకం కనిపిస్తాయి. ఈ రెండు పదాలూ రెండు భిన్న నిర్మాణాలను సూచిస్తాయి. కూర్పాసకం దేహాన్ని అదిమి పట్టే కుట్టు వస్త్రం. స్తనాంశుకంలోని ‘అంశుకం’ పలుచని వస్త్రాన్ని తెలిపే మాట. అంటే బిగించి పట్టే రకం, కప్పి వదిలే రకం అనే భేదం అప్పటికే ఉన్నదన్నమాట.

తెలుగులో ‘పయ్యెద’ అనే పదం పై, ఎద అనే రెండు మాటల కలయిక. వస్త్రానికి దేహభాగం పేరే పేరైంది. ‘రవిక’, దాని వ్యవహార రూపమైన ‘రైక’ 1852 నాటి బ్రౌన్ నిఘంటువుకెక్కాయి. కంచుకానికి సంబంధించిన ‘కంచులిక’ నుంచి వచ్చిన రూపాలు దేశమంతటా వ్యాపించాయి. లంబాడీల ‘కాంచళి’ కూడా ఆ కుదురుకు చెందినదే. ఆధునిక కాలంలో ‘జాకెట్టు’, ‘బాడీ’ అనే ఆంగ్లమూల పదాలు వచ్చి చేరాయి. లోపల వేసుకునేదానికి ‘బాడీ’ అన్న పేరు పల్లెల్లో స్థిరపడింది. దేహాన్ని చెప్పే పరభాషాపదం దేహాన్ని కప్పే వస్త్రానికి పేరు కావడం పయ్యెద విషయంలో జరిగినదానికి దగ్గరగానే ఉంది.

ఈ పదసంపద అంతా వస్త్రానికి సంబంధించినది. స్తనాకృతి విషయానికి వస్తే కావ్యభాష విచిత్రమైన పేదరికాన్ని ప్రదర్శిస్తుంది. జక్కవలు, పూర్ణకుంభాలు, మారేడు పండ్లు, తామరమొగ్గలు, బంగారు బంతులు – ఉపమానాలు ఎన్ని ఉన్నా అవి చెప్పే ఆకారం దాదాపు ఒకటే: గుండ్రనిది, నిండైనది, రెండు వైపులా సమానమైనది. వాలినవి, దూరదూరంగా ఉన్నవి, ఒకటి పెద్దది మరొకటి చిన్నది అయినవి వర్ణనకు అర్హం కాలేదు. వర్ణించినా హాస్యానికో వృద్ధాప్య సూచనకో పరిమితమయ్యాయి. దేహవైవిధ్యానికి పేర్లు పెట్టే పని కవులది కాలేదు. అది దర్జీలకు, మంత్రసానులకు, తల్లులకు మిగిలిపోయింది. వారి భాష నిఘంటువులకు అంతగా ఎక్కలేదు.

3. కాకతీయ శిల్పం: రాయి చెప్పేది, చెప్పనిది

ఓరుగల్లు ప్రాంతంలో స్త్రీదేహానికి సంబంధించిన ప్రాచీన దృశ్యసాక్ష్యం కాకతీయ శిల్పం. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రామప్ప దేవాలయం ఇందులో ముఖ్యమైనది. 2021లో ఇది ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. దాని ప్రవేశద్వారాల వద్ద పైకప్పు అంచును మోస్తున్నట్లు నిలిచిన నల్లరాతి మదనికలు నగల అల్లికను, మొలనూలును, వస్త్రపు మడతను సూక్ష్మంగా చూపుతాయి. వక్షోభాగంలో మాత్రం హారాలే ప్రధానం. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో రచించిన నృత్తరత్నావళికీ ఈ శిల్పాలకూ గల సంబంధాన్ని నాట్యపరిశోధకులు విస్తారంగా చర్చించారు. వస్త్రచరిత్రకారులకు ఈ శిల్పాలు వేరొక సమస్యను ముందుంచుతాయి.

శిల్పంలో వక్షం ఆచ్ఛాదన లేకుండా ఉన్నది కనుక కాకతీయుల కాలపు స్త్రీలు వక్షోవస్త్రం ధరించలేదనే నిర్ణయానికి రావడం తొందరపాటు. ఇందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది, మదనిక ఒక ఆదర్శరూపం. ఆమె దేహం మంగళప్రదమైన సమృద్ధికి సంకేతమే కాని ఒక వ్యక్తి చిత్తరువు కాదు. భారతీయ శిల్పంలో అలంకృతదేహాన్ని నగ్నదేహంగా చదవడం సరికాదని విద్యా దెహేజియా ‘ది బాడీ అడార్న్‌డ్’ (2009) గ్రంథంలో వాదించారు. రెండవది, చిత్రకళ వేరే సాక్ష్యం చెబుతుంది. అజంతా మొదటి గుహలోని మహాజనక జాతక చిత్రంలో నర్తకి చేతుల చొక్కా ధరించి ఉంటుంది. ఆ గుహల్లోనే రాజస్త్రీలు ఆచ్ఛాదన లేకుండానూ పరిచారికలు కుట్టు వస్త్రాలతోనూ కనిపించే సందర్భాలున్నాయి. కప్పుకోవడం ఉన్నతస్థితికి, కప్పుకోకపోవడం నిమ్నస్థితికి గుర్తు అన్న ఆధునిక భావనను ఆ కాలానికి ఆరోపించడానికి వీలులేదని ఇది తెలుపుతుంది. మూడవది, దక్షిణాది ప్రతిమాలక్షణంలో ‘కుచబంధం’ ఒక గుర్తింపు చిహ్నం. విష్ణువుకు ఇరువైపులా నిలిచే దేవేరుల్లో శ్రీదేవికి కుచబంధం ఉంటుంది, భూదేవికి ఉండదు. శిల్పులకు వక్షోపట్టం తెలుసు. దాన్ని ఎక్కడ చెక్కాలో ఎక్కడ వదలాలో సంప్రదాయం నిర్ణయించింది.

కుచబంధం నిర్మాణరీత్యా ఒక పట్టీ. అది స్తనాలను విడివిడిగా పట్టదు. చుట్టూ తిరిగి వెనుక ముడిపడుతుంది. సిసిలీలోని విల్లా రోమానా దెల్ కసాలే భవనంలో 4వ శతాబ్దికి చెందిన మొజాయిక్ చిత్రంలో వ్యాయామం చేస్తున్న యువతుల వక్షోపట్టాలది కూడా ఈ పద్ధతే. పట్టీ కదలికను అదుపు చేస్తుంది కాని ఆకృతిని పట్టించుకోదు. ఏ ఆకృతికైనా అదే పట్టీ, బిగువులోనే భేదం. ఆకృతిని అనుసరించే వస్త్రం రావాలంటే బట్టను కోయాలి, కుట్టాలి.

కాకతీయ రాజ్యంలో బట్టకు కొదువ లేదు. రుద్రమదేవి పాలనాకాలానికి సంబంధించిన మార్కోపోలో వృత్తాంతం మోటుపల్లి సీమలో నేసే సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చి ప్రశంసించింది. పాల్కురికి సోమనాథుని రచనల్లో వస్త్రాల పేర్లు పట్టికలుగా సాగుతాయి. కుట్టిన వక్షోవస్త్రం చిత్రాల్లో స్పష్టంగా, విరివిగా కనిపించేది మాత్రం విజయనగర కాలపు లేపాక్షి కుడ్యచిత్రాల్లో. 16వ శతాబ్ది నాటి ఆ చిత్రాల్లో చీరతోపాటు బిగుతైన రవిక కూడా వేషంలో భాగంగా ఉంది.

4. ముడి రవిక, కాంచళి: దేహానికి సర్దుకునే నిర్మాణాలు

గుండీలు, కొక్కేలు వాడుకలోకి రాకముందు తెలుగునాట రవికకు ముడే ఆధారం. రెండు ముందుభాగాల చివరలను స్తనాల కింద కలిపి ముడి వేసే పద్ధతి తెలంగాణ పల్లెల్లో 20వ శతాబ్దిలోనూ కొనసాగింది. ముడి రవిక నిర్మాణాన్ని గమనిస్తే మూడు లక్షణాలు స్పష్టమవుతాయి. ముడి స్తనాల కిందిభాగంలో పడటం వల్ల బరువు కింది నుంచి మోయబడుతుంది, భుజంపై భారం తగ్గుతుంది. ముందుభాగంలో బట్ట ముడి వైపు కుచ్చుకొని రావడం వల్ల కోత లేకుండానే కొంత గుంట ఏర్పడుతుంది. ముడిని బిగించడం, వదులు చేయడం ధరించిన స్త్రీ చేతిలోనే ఉంటుంది. గర్భం, చనుబాల కాలం, పొలం పని, ఎండాకాలం – వేటికి తగినట్లు వాటికి ఆమె దాన్ని మార్చుకోగలదు. ఇక్కడ అమరికను నిర్ణయించేది దేహానుభవం. కొలబద్ద అవసరమే రాదు.

లంబాడీల కాంచళి మరింత విశిష్టమైన నిర్మాణం. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని తండాల్లో పెద్ద వయసు స్త్రీలు దీన్ని ఇప్పటికీ ధరిస్తారు. అద్దాలు, గవ్వలు, దారపు పనితో ముందుభాగం నిండి ఉంటుంది. వీపుభాగం తెరిచి ఉండి, దారాలతో ముడిపడుతుంది. కుట్టు ఉన్నప్పటికీ కాంచళి ముడిని వదులుకోలేదు. వీపు వెడల్పు ఎంత ఉన్నా దారం పొడవులో ఆ భేదం సర్దుకుంటుంది. ముందుభాగపు కుట్టుపని ఆకృతిని పడుతుంది. కొలతల శాస్త్రం తరువాత వేరు చేసిన రెండు అంశాలు – వీపు చుట్టుకొలత ఒకటి, స్తనపరిమాణం ఒకటి – కాంచళిలో నిర్మాణరీత్యా వేరుగానే ఉన్నాయి. దీన్ని కుట్టేది కూడా స్త్రీలే. కోత, కుట్టు, ధారణ ఒకే సమూహపు స్త్రీల చేతుల్లో ఉన్నంతకాలం అమరికను గూర్చిన జ్ఞానం తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చింది.

తెలంగాణలో రవికబట్టను ‘కనుము’ అంటారు. ఒడిబియ్యంలో, పేరంటంలో, పండుగ బొట్టులో కనుము పెట్టడం ముత్తైదువకు ఇచ్చే మర్యాద. ఇచ్చే బట్ట అందరికీ ఒకే కొలత. కుట్టించుకున్న తరువాతే అది ఒక దేహానిదవుతుంది. ఈ మర్యాద వితంతువుకు దక్కకపోవడం, అగ్రవర్ణ కుటుంబాల్లో ఆమెకు రవికనే నిషేధించడం రవిక సాంఘిక స్థితికి చిహ్నంగా మారిన తీరును తెలుపుతాయి.

5. ధరించే హక్కు, ధరించే తీరు

వక్షోవస్త్ర చరిత్రలో హక్కుల పోరాటంగా అధికంగా చర్చకు వచ్చినది తిరువాన్కూరు సంస్థానంలోని నాడార్ స్త్రీల ఉద్యమం. 19వ శతాబ్ది తొలి దశకాల నుంచి సాగిన ఆ సంఘర్షణ ఫలితంగా 1859లో వెలువడిన రాజప్రకటన నాడార్ స్త్రీలు వక్షాన్ని కప్పుకోవడానికి అనుమతించింది. అయితే అగ్రవర్ణ స్త్రీలు కప్పుకునే తీరులో కప్పుకోరాదని అదే ప్రకటన నిబంధన పెట్టింది. చరిత్రకారుల దృష్టి సహజంగానే అనుమతిపై నిలిచింది. ఈ వ్యాసాంశానికి ఆ నిబంధన కూడా అంతే ముఖ్యం. కప్పుకోవడం ఒక హక్కు, ఏ తీరున కప్పుకోవాలో ఎంచుకోవడం మరొక హక్కు అని అది తెలియజేస్తుంది. మొదటిది లభించినా రెండవది రాజ్యం చేతిలోనే ఉండిపోయింది. దేహానికి ఏది సుఖం అన్న ప్రశ్న ఆ వాదప్రతివాదాల్లో వినిపించలేదు.

తెలుగు ప్రాంతంలో ఇటువంటి రాజప్రకటన అవసరం రాలేదు. ఇక్కడ భేదం కులాచారం రూపంలో, రవిక కోత రూపంలో వ్యక్తమైంది. చేతుల పొడవు, ముడి, గుండీ, వీపు తెరిచిన తీరు చూసి ధరించినది ఏ సమూహపు స్త్రీయో గుర్తించగలిగే స్థితి ఉండేది. అందువల్ల పల్లె స్త్రీ ముడి రవికను వదిలి కొక్కేల జాకెట్టుకు మారడం కేవలం సౌకర్యం కోసం జరిగిన మార్పు కాదు. అది స్థాయి మార్పుకు ప్రకటన. ఆ మార్పులో ముడి ఇచ్చిన స్వేచ్ఛ పోయిందన్న విషయం పైకి రాలేదు.

6. కుట్టుయంత్రం, మేర, ఆది జాకెట్టు

నిజాం రాజ్యపు రైలుమార్గం 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. రైలుతోపాటు మిల్లుబట్ట, కుట్టుయంత్రం పట్టణాలకు అందుబాటులోకి వచ్చాయి. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు వెలసిన తరువాత పట్టణంలోనే మిల్లుబట్ట తయారైంది. సమానమైన పన్నాతో, ఒకే సాంద్రతతో వచ్చే మిల్లుబట్ట కత్తెర పనికి అనుకూలం. తెలంగాణలో వంశపారంపర్యంగా కుట్టుపని చేసే మేర కులస్థులు ఈ మార్పుకు వాహకులయ్యారు.

దర్జీ ఎదుర్కొన్న సమస్య గణితసంబంధమైనది. చదునైన బట్టను వంపుగల దేహంపై ముడత లేకుండా నిలపాలి. ఇందుకు అతని వద్ద ఉన్న సాధనాలు నాలుగు: కుచ్చు, డాటు, ఏటవాలు కోత, ముక్కల అతుకు. డాటు లోతు పెరిగేకొద్దీ గుంట పెరుగుతుంది. దాని మొన ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉబ్బు తేలుతుంది. అందుకే భుజం నుంచి స్తనాగ్రం వరకు గల దూరం, రెండు స్తనాగ్రాల మధ్య దూరం కోతకు కీలకం. క్రాస్ కట్‌లో బట్టను ఏటవాలుగా కోయడం వల్ల అది కొంత సాగి దేహాన్ని అనుసరిస్తుంది. కటోరి జాకెట్టులో స్తనభాగాన్ని విడి ముక్కలుగా కోసి గిన్నె ఆకారంలో అతుకుతారు. ప్రిన్సెస్ కట్‌లో పొడవాటి అతుకే డాటు పని చేస్తుంది. ఏ ఆకృతికి ఏ కోత పనికివస్తుందో అనుభవజ్ఞుడైన దర్జీకి తెలుసు. నిండైన స్తనాలకు ఒకే డాటు వేస్తే మొన కూచిగా తేలుతుందనీ, రెండు మూడు డాట్లుగా విభజించాలనీ, వాలిన ఆకృతికి మొనను కిందికి దింపాలనీ అతడు చేతితో నేర్చుకున్నాడు.

అయితే ఈ కొలతలు తీయడానికి స్త్రీదేహాన్ని తాకాలి. పురుషుడైన దర్జీకీ స్త్రీకీ నడుమ మర్యాద అడ్డు నిలిచింది. దానికి సమాజం కనుగొన్న పరిష్కారం ‘ఆది జాకెట్టు’. సరిపోయిన పాత జాకెట్టును దర్జీకి ఇస్తారు. అతడు దేహాన్ని కాక ఆ జాకెట్టును కొలుస్తాడు. ఇది గౌరవప్రదమైన ఏర్పాటు. కాని దీనిలో ఒక లోపం ఇమిడి ఉంది. ఆది జాకెట్టు ఒకనాటి దేహానికి సాక్ష్యం. దేహం మారుతుంది, ఆది మారదు. పైగా ఉతుకులకు సాగిన బట్టను కొలిచినప్పుడు మొదటి జాకెట్టులోని చిన్న తప్పు రెండవదానికి, రెండవదానిది మూడవదానికి సంక్రమిస్తుంది. దీనికి విరుగుడుగానే లోపల అదనపు బట్ట వదిలి, వరుసగా రెండు మూడు కుట్లు వేసే పద్ధతి వచ్చింది. లావైతే ఒక కుట్టు విప్పుకోవచ్చు. ముడి ఇచ్చిన స్వేచ్ఛలో కొంత ఈ కుట్ల ద్వారా తిరిగి వచ్చిందని చెప్పవచ్చు. అయితే ఆ కుట్లు పక్కల్లో ఉంటాయి. చుట్టుకొలత పెరుగుతుందే కాని డాటు లోతు పెరగదు. ప్రసవానంతరం స్తనపరిమాణం మాత్రమే పెరిగిన స్త్రీకి పక్కకుట్లు విప్పితే వీపు వదులై, ముందుభాగం బిగుతుగానే మిగులుతుంది.

7. సంఖ్య, అక్షరం: తయారీ వస్త్రం

రెండు స్తనాలను విడివిడిగా పట్టే లోవస్త్రం ఆధునిక ఆవిష్కరణ అన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. ఆస్ట్రియాలోని లెంగ్‌బర్గ్ కోటలో 2008లో దొరికి, 2012లో ప్రపంచానికి తెలిసిన 15వ శతాబ్ది నార లోవస్త్రాలు ఆ అభిప్రాయాన్ని సవరించాయి. వాటిలో గిన్నెల వంటి భాగాలు కుట్టి ఉన్నాయి. ఆధునిక వాణిజ్య చరిత్ర మాత్రం 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పొందిన పేటెంటుతో మొదలవుతుందని చెప్పడం పరిపాటి. ఆమె రూపొందించినది రెండు చేతిరుమాళ్లు, రిబ్బను కలిపి కుట్టిన మెత్తని నిర్మాణం. ముందువైపు ముడి వేసుకోవడం దాని పద్ధతి. ఆ విధంగా అది కాంచళికి దూరపు బంధువు.

సంఖ్యకు అక్షరం తోడైనది 1930వ దశకంలో. అమెరికాలోని క్యాంప్ సంస్థ 1932లో స్తనపరిమాణాన్ని ఎ నుంచి డి వరకు అక్షరాలతో సూచించింది. అనంతరం వార్నర్ సంస్థ ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. వక్షం కింది చుట్టుకొలత సంఖ్య అయింది. దానికీ నిండు చుట్టుకొలతకూ గల తేడా అక్షరమైంది. దీని ప్రాముఖ్యం స్పష్టం. ఛాతీ 36 అంగుళాలు గల ఇద్దరు స్త్రీలలో ఒకరిది వెడల్పు వీపు, చిన్న స్తనాలు కావచ్చు. మరొకరిది సన్నని వీపు, పెద్ద స్తనాలు కావచ్చు. ఒకే సంఖ్య ఈ ఇద్దరినీ వేరు చేయలేదు. అక్షరం వేరు చేస్తుంది. అయితే అక్షరానికి స్వతంత్ర విలువ లేదు. 34బి, 32సి, 36ఎ – ఈ మూడింటి గిన్నె పరిమాణం దాదాపు సమానం, పట్టీయే వేరు. ‘సి’ అంటే పెద్దది, ‘ఎ’ అంటే చిన్నది అనుకోవడం ఈ లెక్కను తెలియక చేసే పొరపాటు.

భారతీయ పట్టణాలకు ఈ పద్ధతి సగమే చేరింది. చిన్న అంగళ్లలో సంఖ్య అడిగి ఇవ్వడమే వాడుక. అమ్మేవారు పురుషులు కావడం, వేసి చూసుకునే వీలు లేకపోవడం, కొన్నది కాగితంలో చుట్టి దాచి తీసుకుపోవడం – ఇవన్నీ అక్షరం చర్చకు రాకుండా చేశాయి. 1950, 60 దశకాల సినిమాల్లో కనిపించే కూచి ఆకారపు కుట్టు గిన్నెలు, ఇటీవలి దశాబ్దాల్లో స్పాంజితో ముందే గుండ్రంగా అచ్చుపోసిన గిన్నెలు ఒక్కో కాలపు ఆదర్శాకృతిని దేహంపై నిలిపాయి. మదనిక ఆదర్శం రాతిలో ఉండిపోయింది. అచ్చు గిన్నె ఆదర్శం ప్రతి దేహంపైకి వచ్చింది.

8. ఆకృతి, అమరిక: నిర్ణయ సూత్రాలు

పరిమాణం వేరు, ఆకృతి వేరు. స్తనంలో కండరం లేదు. గ్రంథులు, కొవ్వు, వాటిని ఛాతీకి పట్టి ఉంచే తంతువులు ఉంటాయి. ఈ తంతువులను వివరించిన ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ గ్రంథం 1840లో వెలువడింది. వయసు, ప్రసవం, బరువులో మార్పు కొవ్వు, గ్రంథుల నిష్పత్తిని మారుస్తాయి. అందువల్ల ఒకే పరిమాణంలో పలు ఆకృతులు సహజం: పైభాగం నిండినవి, కిందిభాగం నిండినవి, గుండ్రనివి, కన్నీటిబొట్టు ఆకారంలో వాలినవి, మధ్య ఎడం ఎక్కువగా ఉన్నవి, దగ్గరగా ఉన్నవి. రెండు స్తనాలు కొద్దిగా అసమానంగా ఉండటం లోపం కాదు, సర్వసాధారణం.

ఏ నిర్మాణం ఏ ఆకృతికి కుదురుతుందో తెలిపే ఆధారాలు వస్త్రంలోనే ఉన్నాయి. పట్టీ వీపున పైకి జరగకుండా నేలకు సమాంతరంగా నిలిస్తే బరువును అది మోస్తున్నట్లు. పైకి జరిగితే వదులైనట్లు, భారం భుజాల పట్టీలపై పడినట్లు. రెండు గిన్నెల నడుమ ముక్క ఛాతీ ఎముకకు ఆనాలి. ఆనకుండా తేలితే గిన్నె చిన్నదైనా కావాలి, స్తనాల మధ్య ఎడానికి ఆ ముక్క సరిపోకనైనా పోవాలి. స్తనాలు దగ్గరగా ఉన్నవారికి మధ్యభాగం కిందికి కోసిన ప్లంజ్ రకం కుదురుతుంది. పైభాగంలో గిన్నె ఖాళీగా నిలిచి, కింద లేదా పక్కన ఒత్తుతున్నట్లయితే అది పరిమాణ దోషం కాదు, ఆకృతి దోషం. కిందిభాగం నిండిన ఆకృతికి ఎత్తైన అచ్చు గిన్నె వేసినప్పుడు ఇలా జరుగుతుంది. సగం గిన్నె గల బాల్కనెట్ రకం అక్కడ నప్పుతుంది. వాలిన ఆకృతికి పలు ముక్కలుగా అతికిన పూర్తి గిన్నె ఆధారమిస్తుంది. అసమానత ఉన్నచోట పెద్దదానికి తగిన గిన్నె తీసుకొని చిన్నదాని వైపు మెత్త చేర్చడం పద్ధతి.

ఈ సూత్రాల్లో స్థానిక దర్జీకి కొత్తవి తక్కువ. ముక్కలుగా అతికిన గిన్నె అతని కటోరి. మధ్య ఎడం అతని డాటు మొనల దూరం. తేడా వేరొకచోట ఉంది. దర్జీ చేతిలో తప్పు జరిగితే తప్పు జాకెట్టుదే. ‘చెడగొట్టాడు’ అని తిరిగి ఇవ్వవచ్చు. అంగడి వస్త్రం సరిపోకపోతే తప్పు దేహానిదిగా మారుతుంది. ఖాళీ గిన్నెను చూసి స్త్రీ తన దేహం చిన్నదని భావిస్తుందే కాని ఆ అచ్చు వేరొక ఆకృతికి పోసినదని భావించదు. నిర్ణయాధికారం చేతులు మారినప్పుడు నింద కూడా చేతులు మారింది. స్తనచికిత్సానంతరం ఒక స్తనాన్ని కోల్పోయిన స్త్రీల విషయంలో ఈ నింద మరింత కఠినమవుతుంది. సమానమైన రెండు గిన్నెలనే ఎరిగిన అంగడిలో ఆమె దేహానికి చోటు దొరకడం కష్టం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

కాకతీయ శిల్పంలోని ఆచ్ఛాదనరహిత వక్షం ఆనాటి వాడుకకు నేరుగా సాక్ష్యం కాదు. ఆదర్శరూపానికీ నిత్యవస్త్రానికీ నడుమ దూరాన్ని గుర్తించవలసి ఉంది.

ముడి రవిక, కాంచళి ‘అనాగరిక’ రూపాలు కావు. దేహమార్పుకు సర్దుకునే, ధరించిన స్త్రీకే నిర్ణయాధికారమిచ్చే నిర్మాణాలు. కాంచళి వీపు కొలతనూ స్తనపరిమాణాన్నీ వేరు చేసి పట్టిన తీరు వస్త్రనిర్మాణ చరిత్రలో ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనది.

ఆది జాకెట్టు మర్యాదను కాపాడింది, అమరికను కొంత బలిపెట్టింది. దర్జీల అనుభవజ్ఞానం వాడుకభాషలోనే మిగిలింది. మేర వృత్తిదారుల కోత పదజాలాన్ని, తండాల్లో కాంచళి కుట్టే స్త్రీల పదజాలాన్ని సేకరించడం తెలుగు వృత్తిపదకోశ నిర్మాణంలో మిగిలి ఉన్న పని.

తయారీ వస్త్రపు కొలతలు విదేశీ దేహాల ఆధారంగా ఏర్పడినవి. 2010వ దశకం చివర కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ, జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ కలిసి భారతీయుల దేహకొలతల సేకరణకు పూనుకొని, హైదరాబాదు సహా ఎంపిక చేసిన నగరాలను అందులో చేర్చడం ఈ లోటును గుర్తించిన ఫలితమే. అయితే నగరాల్లో తీసిన సగటు కొలత తండా స్త్రీ దేహానికి, పొలం పని చేసే స్త్రీ దేహానికి ఎంతవరకు ప్రాతినిధ్యం వహిస్తుందన్న ప్రశ్న మిగులుతుంది. సగటు ఎంత కచ్చితమైనదైనా అది పరిమాణాన్ని చెబుతుంది, ఆకృతిని చెప్పదు. ఆకృతిని తెలుసుకోవలసినది, వస్త్రాన్ని దానికి సరిచూడవలసినది ధరించే స్త్రీయే. ముడి రవిక కాలంలో ఆమె వేళ్లకు తెలిసిన ఆ నిర్ణయాన్ని ఈ కాలపు కొలతల పరిజ్ఞానంతో తిరిగి ఆమెకు అప్పగించడానికి గృహవిజ్ఞాన, వస్త్రవిజ్ఞాన పాఠ్యాంశాల్లో ఈ విషయానికి తెలుగులో చోటు కల్పించడం అవసరం.